తిప్ప మీద అమ్మ జాగ

నాందేడ్ దిగువన, మా ఊరి దగ్గర గోదావరి రెండు పాయలుగా చీలి, కొంత దూరం పోయి మళ్ళీ కలిసిపోతుంది. ఆ నడుమ తేలే ఇసుక నేలే మా తిప్ప. పక్క వాడ మరాఠీవాళ్ళకు అది బేట్. ఏ సర్కారు కాగితంలోనూ లేని నేల కాబట్టి, గుంట భూమి లేని మాలాంటి వాళ్ళకు అదే సేద్యం.

దీపావళి దాటి నీళ్ళు తగ్గగానే ఇంటికొకరు పాయ దాటి, ఇసుకలో తుమ్మకొమ్మ పాతేవారు. ఎండాకాలం దాకా ఆ చోటు వారిది. దోస, ఖర్బూజ పెట్టుకునేవారు. ఒకరి కొమ్మ ఇంకొకరు పీకరు. అయితే కొమ్మ ఎవరు పాతితే చోటు వాళ్ళదే. మా కొమ్మ నాన్నే పాతేవాడు. అమ్మకు నీళ్ళంటే ప్రాణభయం. పాయ మోకాలి లోతుకు తగ్గితే తప్ప దిగేది కాదు.

నాన్న పోయిన ఏడు, చెరుకు కోతకు మనుషులను తీసుకుపోయే ముకద్దం మా ఇంటికొచ్చాడు. తిప్ప మీద చోటు దొరక్కపోతే అమ్మ అతని లారీ ఎక్కాల్సిందే. బడి మానేసి నేనూ ఎక్కాల్సిందే.

"నీ కొమ్మ నేను పాతుత తియ్ వదినె," అన్నాడు చిన్నాన్న. మంచివాడే. కానీ అమ్మ మంచి మాటకు మెత్తబడే రకం కాదు.

"నువ్వు పాతితె నీ జాగైతది. ఏడాదంత నీ మొకం సూస్కుంట ఉండాల్నా?" అంది.

కొమ్మలు పాతే రోజు పొద్దున, అమ్మ పెద్ద బిందెను బోర్లించి పొట్ట కింద పెట్టుకుంది. ఈత రానివాళ్ళు మా వైపు అట్లాగే దాటుతారు. కొమ్మను వీపుకు కట్టుకుని పాయలో దిగింది. ఒడ్డున నేను గుక్కపట్టి ఏడుస్తున్నాను. నడిమధ్యలో తల ఒకసారి మునిగింది. చిన్నాన్న దూకబోతే, నీళ్ళు ఉమ్మేస్తూనే "రాకు!" అని అరిచింది.

తిప్ప ఎక్కి చూసుకుంటే వీపు మీద కొమ్మ లేదు. పాయ పట్టుకుపోయింది. పక్కన కొమ్మ పాతుకుంటున్న ఒకాయన నవ్వాడు. "కొమ్మ లేకుంటె ఎట్లమ్మ? మల్ల పోయి తెచ్చుకో."

అమ్మ తడి చీరతోనే నాన్న చోటులో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నేను కూసున్న గద. దమ్ముంటె నన్ను పీకుండ్రి."

ఆ మాట ఒడ్డుదాకా వినబడింది. ఎవరూ దగ్గరికి పోలేదు. అందరూ పాతుకుని తిరుగుముఖం పట్టేదాకా ఆమె లేవలేదు.

ఊరంతా మెచ్చుకుంది గానీ, నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇంటికొచ్చాక అడిగేశాను. "సచ్చిపోతె నా సంగతేంది?"

అమ్మ జుట్టు పిండుకుంటూ, "మరి లారీ ఎక్కితె ఏమైతుండె నీ సంగతి?" అంది.

వారం తిరక్కుండా లారీ వచ్చింది. దాని హారన్ నేను బడిలో కూర్చునే విన్నాను.