బడి చొక్కా లోపలి కుట్లు

ఆ బట్టలు కుట్టే కొట్లో అందరూ ఆ పిల్లని బాబిన్ అనే పిలిచేవాళ్లు. మిషన్‌లో తిరిగే దారపు బాబిన్‌లా, వాళ్లమ్మ మిషన్ తొక్కుతుంటే చుట్టూ గిరగిరా తిరిగేది మరి! పదహారేళ్లొచ్చినా ఆ పేరు పోలేదు. కానీ వానాకాలంలో జ్వరంతో ఆసుపత్రికి వెళ్లిన అమ్మ తిరిగి రాలేదు. బాబిన్ తిరగడం ఆగిపోయింది.

ఏడవలేదు. అదే అందరికీ భయం. గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకోవడం కూడా కొండెక్కినంత పని. ఫోన్ మోగి మోగి దానంతటదే ఆగేది. డాక్టరమ్మ మందులిచ్చి, "బడికెళ్లమని వెంటపడకండి, తనే అడగనివ్వండి" అంది. బస్సు డ్రైవరైన నాన్న తలూపి, రోజూ పొద్దున్నే మంచం పక్కన టీ పెట్టి డ్యూటీకి పోయేవాడు. టీ చల్లారిపోయేది.

ఒక పొద్దున కప్పు ఖాళీగా ఉంది.

"నాన్నా, బడికెళ్తా" అంది బాబిన్.

నాన్నకి కాళ్లు నేల మీద ఆగలేదు. కొట్లో ఉన్న పిన్నిని కేకేశాడు. అమ్మ పోయాక ఆ మిషన్ తొక్కుతోంది అమ్మ చెల్లెలే. పిన్ని కొత్త బడి చొక్కా పట్టుకుని ఉరికొచ్చింది.

"వద్దు. అమ్మ కుట్టిందే కావాలి."

పాత చొక్కా తొడుక్కుంది. బొత్తాలు పట్టలేదు. ఇన్నాళ్లూ తిండి సరిగ్గా తినకపోయినా ఒళ్లు మాత్రం పెరగడం మానలేదు.

"ఇటివ్వు, కుట్టు విప్పి వదులు చేస్తా."

"ముట్టుకోకు పిన్నీ! అమ్మ కుట్టు విప్పేస్తే ఇంకేం మిగుల్తుంది?"

"అయితే ఊపిరి బిగబట్టి పాఠాలు వినవే తల్లీ. మధ్యాహ్నానికి బెలూన్‌లా పేలిపోతావు."

బాబిన్ నవ్వలేదు. మళ్లీ మంచమెక్కి గోడవైపు తిరిగింది. డ్యూటీకి బయల్దేరబోతున్న నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇప్పుడు పడుకుంటే మళ్లీ ఎప్పుడు లేస్తుందో?

పిన్ని మంచం మీద కూర్చుంది. "కొట్లోనే పుట్టి పెరిగావు. నీ చొక్కా ఎప్పుడైనా తిరగేసి చూశావుటే?"

చూడలేదు. ఊరందరి చొక్కాలకీ బొత్తాలు కుట్టిన పిల్ల తన చొక్కా లోపలివైపు ఒక్కసారీ చూసుకోలేదు!

విప్పి తిరగేసింది. పక్కల్లో గుడ్డ దండిగా మడిచి ఉంది. దాని మీద రైలు పట్టాల్లా పక్కపక్కనే మూడు వరసల కుట్లు. ప్రతి వరస చివరా దారం వెనక్కి తిప్పి బిగించి ఉంది. అది అమ్మ అలవాటు.

"దారం దండగ కదే అక్కా అంటే, 'పిల్ల పెరగదుటే?' అని నన్ను కసిరేది" అంది పిన్ని. "ఒకటి విప్పితే రెండోది పట్టుకుంటుంది. అదీ మీ అమ్మ కుట్టే. ఇదిగో, నువ్వే విప్పు."

బాబిన్ సూది మొనతో ఒక్కో కుట్టూ ఎత్తింది. సగం వరసకొచ్చేసరికి కళ్లు కనబడలేదు. అప్పుడు ఏడ్చింది, ఇల్లెగిరిపోయేలా. పిన్నీ ఏడ్చింది. నాన్న బస్సు ఆ రోజు ఆలస్యంగా బయల్దేరింది.

బొత్తాలు పట్టాయి. ఇన్నాళ్లూ మడతలో దాక్కున్న గుడ్డ వెలిసిపోలేదు. వెలిసిన నీలం చొక్కాకి పక్కల్లో రెండు ముదురు నీలం చారలు.

"అందరూ నవ్వితే?"

"మన కొట్టు చిరునామా ఇవ్వు. వాళ్ల చొక్కాలూ బిగుతయ్యే ఉంటాయి."

ఈసారి పెదవి కొంచెం కదిలింది.

ఆ రోజు మధ్యాహ్నం దాకానే ఉండగలిగింది. మర్నాడు మంచం దిగనేలేదు. ఆ మర్నాడు దిగింది. అలా పడుతూ లేస్తూ ఉండగానే వానలు వెళ్లిపోయి ఎండలొచ్చాయి.

ఒక సాయంత్రం కొట్లో చొక్కా ఇస్త్రీ చేస్తూ, "పిన్నీ, ఇంకో వరస విప్పడానికుంది" అంది బాబిన్.

"ముందు కంచంలో అన్నం వదలకుండా తిను. అప్పుడు చూద్దాం."

"అయితే ఇవాళేం వండావు?" అంది.