పదివేల ఒకటి మీద నా ఫిర్యాదు

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. వరంగల్ అంగళ్లలో మంచి పెన్ను కంటికి కనిపించేది కాదు. మా చిన్నాయినకు మాత్రం ఒకటుండేది. నల్లది, బంగారు రంగు పాళీతో. ఆయన సర్కారు బడిలో ఉర్దూలో లెక్కలు చెప్పేవాడు. నేను చదివే మిషన్ బడిని "పాటల బడి" అనేవాడు. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక కాజీపేటలో మా ఇంటికి వచ్చి, నా పలక లాక్కుని గబగబా అయిదంకెల సంఖ్య వేశాడు.

"దీన్ని శేషం లేకుండ భాగించు. ఒకటితోటి, దానితోటే భాగిస్తనంటే ఒప్పుకోను. చేస్తే ఈ పెన్ను నీదే."

"నిజంగనా చిన్నాయినా?"

"నీతోని అయితే గద! మీ బడిల పాటలు తప్ప ఏం చెప్తరు?"

పలక మీద ఒక గీత, మూడు గుండ్రాలు, మళ్లీ ఒక గీత. 10001. మూడు, ఏడు, పదకొండు, పదమూడు అంటూ వారమంతా భాగించాను. అన్నింటికీ శేషం మిగిలింది. డెబ్బైమూడు దగ్గర తెగింది. డెబ్బైమూడు ఇంటూ నూట ముప్ఫైఏడు!

మరుసటి ఆదివారం ఆయన రెంటినీ గుణించి చూసి నవ్వాడు.

"ఇది పదివేల ఒకటి. నేనిచ్చింది పదిహేనువేల అయిదువందల యాభైఒకటి."

"మరి ఈ సున్నాలు?"

"సున్నాలెక్కడియి? అవి అయిదులు!"

ఉర్దూలోనూ ఒకటంటే నిలువు గీతే. సున్నా మాత్రం చుక్క. అయిదు గుండ్రంగా, కింద చిన్న నొక్కుతో ఉంటుంది. తొందరలో ఆయన ఆ నొక్కు పెట్టలేదు.

చదువు రాని మా నానమ్మకు పలక చూపించాను.

"సున్నా చుట్టినట్టే ఉన్నయి గదరా," అంది కొడుకుతో.

"నీకు తెల్వదు, జర ఊకో అమ్మా."

సరే, ఆయన సంఖ్యే పట్టుకున్నాను. నెల పట్టింది. నూట పదమూడు దాకా ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించాను. నూట ఇరవైఅయిదును దానితోనే గుణిస్తే ఆ సంఖ్యను దాటిపోతుంది కనుక ఇంకా పైకి పోనక్కర లేదు. ఒక్కటీ తెగలేదు. అది ప్రధాన సంఖ్య.

"చిన్నాయినా, దీన్ని ఎవ్వరూ భాగించలేరు."

"నాకెరుకే."

"ఎరికుండే పందెం కట్టినవా?"

"మరి! ఉత్తగ పెన్ను పోగొట్టుకుంటనా?"

నానమ్మ ఆయన వైపు చూసింది. ఆ చూపుకు పెన్ను జేబులోంచి బయటికొచ్చింది.

"ఇగో, తీస్కో బిడ్డా. పాపం, మస్తు తిప్పలువడ్డవ్."

పాపమట! నేను చెయ్యి చాపలేదు.

"గెలిచినవని చెప్పి ఇయ్యి."

"గెలువలే గద!"

"అయితే నాకొద్దు."

పెన్ను బల్ల మీద పడుంది. ఇచ్చిన వస్తువని ఆయన ముట్టలేదు, దయతో ఇచ్చిందని నేను ముట్టలేదు. ఇద్దరం మూతులు ముడుచుకుని కూర్చున్నాం. చివరికి నానమ్మే దాన్ని పట్టుకుని లోపలికి పోయింది. లంగాకు నాడా ఎక్కించడానికి అంత నున్నటి పుల్ల ఇంకోటి లేదట.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో నాడాలన్నీ ఆ పెన్నుతోనే ఎక్కాయి. చిన్నాయిన మాత్రం "గెలిచినవ్" అన్న ఆ ఒక్క మాట అననే లేదు.