దూడలమ్మ పాలలో కలిపిన మందు

పాల డెయిరీలో ఆమెని అందరూ దూడలమ్మ అనేవారు. పందొమ్మిదేళ్లుగా అక్కడ పుట్టిన ప్రతి దూడనీ గోనెపట్టాతో తుడిచి, ముర్రుపాలు తాగించి నిలబెట్టింది ఆమే. కన్నది ఒక్క కొడుకునే అయినా, "నా పిల్లలెంతమందో నాకే తెలీదు" అని నవ్వేది.

దూడకి పారుడు పట్టుకుని విరేచనాలతో కూలబడితే, పాలలో యాంటీబయాటిక్ పొడి కలిపి పట్టేది. రెండో రోజుకల్లా దూడ లేచి గెంతేది. రోగం వచ్చాక పరుగులు పెట్టడమెందుకని, రానురాను బాగున్నవాటికీ రోజూ చిటికెడు వేయసాగింది. యజమాని కాదనలేదు సరికదా, "నీ హస్తవాసి మంచిది" అని మెచ్చుకున్నాడు.

ఆ వానాకాలం ఐదు దూడలకి ఒకేసారి పారుడు తగిలింది. పొడి పనిచేయలేదు. పశువుల డాక్టరు వేసిన సూదిమందూ పనిచేయలేదు. ఆయన పేడ పరీక్షకి పంపించి, నాలుగో రోజు కాగితంతో వచ్చాడు.

"ఈ క్రిములు మందులకి రాటుదేలిపోయాయమ్మా. రోజూ కాస్త కాస్త రుచి చూపిస్తే, చావనివి మొండికెత్తుతాయి."

"అంటే వాటినీ నేనే పెంచానా బాబూ?"

డాక్టరు నేలచూపులు చూశాడు. "తెలిసి చేశావా ఏంటి?"

ఐదూ పోయాయి. ఆఖరిది, నుదుట తెల్లమచ్చ పెయ్య, ఆమె వేలు చప్పరిస్తూనే ఒళ్లో తల వాల్చేసింది.

తర్వాత పనివాళ్లకీ పరీక్షలు చేశారు. అవే క్రిములు ఆమె కడుపులోనూ ఉన్నాయి. "నీకేం కాదు, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు" అన్నారు.

ఇంట్లో ఇరవై రోజుల మనవరాలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల.

"కడుక్కుని ఎత్తుకోండత్తయ్యా, డాక్టర్లే చెప్పారుగా" అంది కోడలు.

"వద్దులేవే. ఐదింటిని చూశాను."

కొడుకు చాదస్తమని విసుక్కున్నాడు. ఆమె గుమ్మం దగ్గరే కూర్చుని, పాప ఏడిస్తే అక్కణ్ణుంచే జోల పాడేది.

కొట్టంలో మాత్రం పద్ధతి మార్చింది. దూడకో బకెట్టు, రోజూ కడిగిన నేల, డాక్టరు చెబితేనే మందు. చావులు తగ్గాయి కానీ ఆగలేదు. ఒక్కటి పోయినా ఆ పూట ఆమె ముద్ద ముట్టేది కాదు.

ఏడాది తిరిగేసరికి పాపకి అడుగులొచ్చాయి. ఒకరోజు తడబడుతూ గుమ్మందాకా వచ్చి చేతులు చాపింది. దూడలమ్మకి మనసాగలేదు. "ఉండమ్మా, ఇప్పుడే వస్తా" అని పంపు దగ్గరికి పరిగెత్తి, మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు రుద్దుకుంది.

తిరిగొచ్చేసరికి పాప తల్లి భుజం మీద ఉంది. దూడలమ్మ రమ్మని పిలిస్తే, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు మొహం తిప్పేసుకుంది.