వెనక జేబులోని ఎర్ర కార్డు

పద్నాలుగేళ్ళుగా ఒక కాగితం నన్ను వదలడం లేదు. అది నా దగ్గర లేదు. అసలు ఇంకా ఉందో లేదో కూడా తెలియదు. నేనే రాశాను, నేనే సంతకం పెట్టాను, నేనే మడిచి ఇచ్చాను. పన్నెండు వరుసలు. మైదానం పేరు, జట్ల పేర్లు నిజం. తక్కినదంతా అబద్ధం.

మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పబోయి చాలాసార్లు మింగేశాను. మా చర్చి సంఘంలో ఏటా డిసెంబరు ఆఖర్న సాక్ష్యాల ఆరాధన జరుగుతుంది. ఒక్కొక్కరం లేచి, ఏడాదిలో చేసిన తప్పులు, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకుంటాం. నేను కల్లు తాగిన సంగతి చెప్పాను. తమ్ముడితో రెండేళ్ళు మాట్లాడని సంగతి చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. చిన్న తప్పులన్నీ గట్టిగా చెప్పేస్తే పెద్ద తప్పు జోలికి ఎవరూ రారు. ఈ కిటుకు నాకు ఎవరూ నేర్పలేదు. ఒక ఏడాది పాస్టరుగారు నన్ను చూపించి, దాపరికం లేని మనిషంటే ఇలా ఉండాలి అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

సాగదీస్తున్నానని తెలుసు. చెబుతాను.

నేను కొత్తగూడెం వైపు ఒక బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాను. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. బాయి లోపల నా మాటకు విలువ లేదు. మా షిఫ్టు మీద పెద్ద ఓవర్‌మాన్. ఎవరు ఏ చోటికి పోవాలో పొద్దున్నే అతను చెప్పేవాడు. నీళ్ళు కారే మూలకు పంపినా, పైన దీపాలిచ్చే ల్యాంపు రూములో నీడపట్టున కూర్చోబెట్టినా అతని నోటిమాటే. ఎదురు మాట్లాడినవాడు ఆ నెలంతా మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంటాడు. అందుకని మేమెవరం మాట్లాడేవాళ్ళం కాదు. మాట్లాడకపోవడం మాకు పనితో పాటే అలవాటైంది.

ఫుట్‌బాల్ అంటే నాకు పిచ్చి. ఆడడానికి కాళ్ళు చాలలేదు గనక రెఫరీ పరీక్ష రాశాను. మొదటిసారి ఈల ఊదినప్పుడు ఇరవై రెండు మంది టక్కున ఆగిపోయారు. ఆఫీసర్లు కూడా ఆగారు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, కల్లు కన్నా నాకు అదే ఎక్కువ మత్తు ఇచ్చింది. కింద ఆరు రోజులు తలవంచుకుని, ఏడో రోజు చర్చి నుంచి వచ్చి అన్నం తిని, ఈల మెళ్ళో వేసుకుని పోయేవాణ్ణి.

ఆ ఫైనల్ చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న మైదానంలో జరిగింది. ఒక పక్క మా బాయి జట్టు. దాని కెప్టెన్ మా ఓవర్‌మానే. ఇంకో పక్క భద్రాచలం దారిలో లోపలికున్న ఒక కోయ గూడెం జట్టు. ట్రాక్టరులో నిలబడి వచ్చారు. సగం మందికి బూట్లు లేవు. ఖమ్మం నుంచి రావలసిన రెఫరీకి జ్వరమని కబురొచ్చింది. నిర్వాహకులు నా వైపు చూశారు. ఆడేది నా బాయి జట్టు, ఆడించేది నా ఓవర్‌మాన్. నేను కుదరదని చెప్పాలి. రెఫరీ పరీక్షలో మొదటి పాఠమే అది. కానీ ఫైనల్‌కి ఈల ఊదే అవకాశం నాకు అదివరకు రాలేదు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

గూడెం జట్టులో ఏడో నంబరు కుర్రాడి పేరు ముత్తయ్య అనుకోండి. అసలు పేరు అది కాదు. ఇరవై మూడేళ్ళవాడు. వేసవిలో తునికాకు కోసేవాడు, తక్కిన రోజుల్లో దొరికిన పని. ఆ వచ్చే నెలలోనే జిల్లా జట్టుకు ఎంపిక. జిల్లాకు ఆడిన సర్టిఫికెట్ ఉంటే క్రీడల కోటాలో సర్కారు కొలువు వస్తుందని, వయసు దాటిపోయేలోగా అదొక్కటే దారి అని గూడెం అంతా అతని మీద ఆశ పెట్టుకుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. ఆట మొదలవక ముందు మైకులో అదే చెప్పారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

మొదటి సగంలో మావాళ్ళ ముందువరుస ఆటగాడొకడు వాళ్ళ గోల్ దగ్గర పడ్డాడు. ఎవరో తగిలారు, లేదా తగలలేదు. నేను పెనాల్టీ ఇచ్చాను. మావాళ్ళు గోలు కొట్టారు. కాసేపటికి ఓవర్‌మాన్ చేత్తో బంతి ఆపితే ఈల ఊదాను. అంతే, నా మీదికి ఉరికాడు.

"ఏందిరా, కండ్లు కనవడ్తలేవా? రేపు డ్యూటీకి నా ముందటికే రావాలె, యాదుంచుకో!"

జనం విన్నారు, ఆటగాళ్ళు విన్నారు. రెఫరీని అలా అంటే కార్డు చూపించాలి. నేనేం చేశానో తెలుసా? నవ్వాను. పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "సార్, జర ఆడుండ్రి సార్" అన్నాను. ఆ నవ్వు నా మొహం మీద ఎలా ఉండి ఉంటుందో ఇప్పటికీ తలుచుకోలేను.

రెండో సగంలో ముత్తయ్య బంతి తీసుకుని ఇద్దరిని దాటి మా గోల్ దగ్గరికి వచ్చాడు. ఓవర్‌మాన్ వెనక నుంచి అతని కాలు లాగేశాడు. ముత్తయ్య బోర్లా పడ్డాడు. దుమ్ము లేచింది. నాకు సరిగా కనబడలేదు. ఈల ఊదలేదు.

ముత్తయ్య లేచాడు. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. పరుగెత్తి రాలేదు, నడిచి వచ్చాడు. నాకు రెండడుగుల దూరంలో ఆగి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. పంతులు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"సార్, గక్కడ ఊదిండ్రు. గిక్కడ ఊదలే. ఇద్దరికీ ఒక్కటే రూలు కదా సార్?"

"పో, పోయి ఆడు."

"ఆడ్త సార్. కానీ తప్పైతే తప్పని చెప్పుండ్రి. గాయన మిమ్ముల గంత మాటన్నా ఏం అనలే మీరు."

అంతే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు వింటున్నారు. నేను నవ్విన నవ్వు అతను చూశాడని అప్పుడు తెలిసింది.

మీకొక సంగతి చెప్పాలి. రెఫరీ పసుపు కార్డు చొక్కా జేబులో పెట్టుకుంటాడు, ఎర్ర కార్డు నిక్కరు వెనక జేబులో. తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి రాకూడదని ఆ ఏర్పాటు. చెయ్యి పొరపాటున వెనక్కి పోదు. నా చెయ్యి వెనక్కి పోయింది. ఎర్ర కార్డు తీసి అతని మొహం ముందు ఎత్తి పట్టుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా. ఓవర్‌మాన్ మీద చూపించాల్సిందంతా చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి మీద చూపించాను.

 ముత్తయ్య కార్డునే చూశాడు. తర్వాత చొక్కా విప్పి భుజాన వేసుకుని ట్రాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు. పది మందితో ఆడి గూడెం జట్టు ఓడిపోయింది.

ఇక్కడితో ఆగినా అదొక తప్పు నిర్ణయం అయ్యేది, అంతే. రెఫరీలు మనుషులే. కానీ ఆట అయ్యాక నిర్వాహకుల గుడారంలో కూర్చుని రిపోర్టు రాయాలి. ఎర్ర కార్డు ఎందుకిచ్చావో కారణం రాయాలి. ఏం రాయను? "ఇద్దరికీ ఒకటే రూలు కదా అని అడిగాడు" అని రాస్తే నవ్విపోతారు. ఎర్ర కార్డుకు సరిపోయే నేరం కావాలి. కార్డు ముందు ఇచ్చేశాను, నేరం తర్వాత వెతికాను. అతను నన్ను బూతులు తిట్టాడని రాశాను. కాలరు పట్టుకుని నెట్టాడని రాశాను. మా బాయిలోనే పనిచేసే లైన్ రెఫరీ ఒకడు నా పక్కనే కూర్చుని చదివాడు. నా మొహం చూశాడు. ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు. చెప్పాను కదా, మాట్లాడకపోవడం మాకు అలవాటు.

అంతమంది చూశారు కదా, అబద్ధం ఎలా నిలబడిందని మీరు అడగొచ్చు. రెఫరీ రాసిందే వేదం. కాదనాలంటే ఆ సాయంత్రంలోగా కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ నియమం గూడెం వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. వాళ్ళు గుడారం బయట నిలబడి నా కోసం ఎదురుచూస్తుంటే నేను వెనక నుంచి వెళ్ళిపోయాను.

రెండేళ్ళు ఆడకూడదని జిల్లా ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు ముత్తయ్యను నిషేధించారు. ఎంపిక పోయింది. ఆ రెండేళ్ళలో కోటా వయసూ పోయింది.

నిషేధం సంగతి తెలిసిన వారంలోనే అతను మా క్వార్టరుకు వచ్చాడు. నేను మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వాకిట్లో కూర్చున్నాను. గేటు బయటే ఆగి, "సార్, నేను మిమ్ముల ముట్టలేదని ఒక్క ముక్క రాసియ్యుండ్రి సార్. ఇంకేం అడగ" అన్నాడు. ఇంత జరిగినా సార్ అనే అన్నాడు. నేను రాసింది రాసినట్టే ఉంటుందని, నా చేతిలో లేదని చెప్పాను. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చే లోపే వెళ్ళిపోయాడు. ఎవరాయన అని అడిగితే, కిరాయికి ఇల్లు వెతుకుతున్నాడట అన్నాను. పాపం, ఎండన పడి తిరుగుతున్నట్టున్నాడు, పక్క వీధిలో ఖాళీ ఉందని చెప్పలేకపోయావా అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

పై నెలలో నాకు ల్యాంపు రూములో డ్యూటీ పడింది. ఓవర్‌మాన్ కారణం చెప్పలేదు, నేను అడగలేదు. దాని కోసమే చేశానా? ఇన్నేళ్ళు ఎన్నిసార్లు అడుక్కున్నానో. కాదు. దాని కోసం చేసి ఉంటే కనీసం లోభం అనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. ముత్తయ్య చెప్పింది నిజం కాబట్టి చేశాను. ఓవర్‌మాన్ తిట్టినప్పుడు నాకు భయం వేసింది. ముత్తయ్య అడిగినప్పుడు సిగ్గు వేసింది. భయం పెట్టినవాణ్ణి వదిలేసి సిగ్గు పడేలా చేసినవాణ్ణి శిక్షించాను. ఇంతకంటే నీచమైన పని ఉంటుందా? ఉండొచ్చు. నేను మాత్రం చేయలేదు.

తర్వాత నేను సీనియర్ రెఫరీనయ్యాను. కొత్తవాళ్ళకు తరగతులు చెప్పాను. నవ్వకండి, నేను చెప్పిన పాఠం ఆటగాళ్ళు ఎదురు మాట్లాడితే ఏం చేయాలన్నది. రెండు జట్లకూ ఒకే కొలత ఉండాలని బోర్డు మీద రాసి, కింద గీత గీసేవాణ్ణి.

పోయిన ఏడాది అడవి లోపలి ఊరొకటి టోర్నమెంటుకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచింది. వెళ్ళాక తెలిసింది, అక్కడి జట్టుకు ఆట నేర్పేది ముత్తయ్యేనని. ఇప్పుడు ఆటో నడుపుతాడట. జుట్టు కొంచెం నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. నమస్తే సార్ అన్నాడు. అతని మొహంలో కోపం కోసం వెతికాను. ఉంటే బాగుండునని వెతికాను. కనబడలేదు. వెళ్ళి తన ఆటగాళ్ళను చుట్టూ నిలబెట్టుకుని చెబుతుంటే విన్నాను.

"రెఫరీ ఏం జేసినా నోరు తెరవకుండ్రి. తప్పు జేసినా సరే. సమజైందా? ఒక్క మాటకు బతుకు పోతది."

పదకొండు మందీ తలలూపారు. వాళ్ళ మీద ఆ రోజు ఒక తప్పుడు నిర్ణయం పడింది. నేనే చూశాను. ఒక్కరూ కిక్కురుమనలేదు. ఆట అయ్యాక నాకు శాలువా కప్పి మైకు ఇచ్చారు. ముత్తయ్య ముందు వరుసలోనే నిలబడి ఉన్నాడు. చెప్పేయాలని నోరు తెరిచాను. తెరిచి, క్రమశిక్షణ గురించి ఐదు నిమిషాలు మాట్లాడాను. ఈ జట్టు ఎంత మర్యాదగా ఆడిందో చూడండి అన్నాను. ముత్తయ్య కూడా చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్ల తర్వాత నిద్ర సరిగా లేదు. పోయిన నెల ఆ పాత రిపోర్టు సరిదిద్దాలని జిల్లా ఫుట్‌బాల్ సంఘానికి కబురు పెట్టాను. అంత పాత ఫైళ్ళు లేవు, ఇప్పుడెందుకు సార్ అవన్నీ అన్నారు. కాబట్టి సరిదిద్దడానికి కాగితం లేదు, ఎత్తేయడానికి నిషేధం లేదు. అతనికి ఇవ్వడానికి నా దగ్గర ఈ మాటలే ఉన్నాయి. ఇక్కడిదాకా రాసింది మా ఆవిడకు నిన్న చదివి వినిపించాను. ఆమె చివరిదాకా వింది. తర్వాత, "నాకు జెప్పుడు కాదు, ఆయనకు జెప్పు" అని లేచి వెళ్ళిపోయింది. చెబుతాను. క్షమించమని అడగను, ఆ భారం కూడా అతని మీద పెట్టలేను. వినకుండా పొమ్మంటే పోతాను.

కానీ వెళ్ళే ముందు ఇందులో ఒక మాట దిద్దాలి. దుమ్ము లేచింది, సరిగా కనబడలేదని పైన రాశాను. పద్నాలుగేళ్ళుగా అలా చెప్పుకుని చెప్పుకుని, నిజం రాస్తానని మీ ముందు కూర్చున్నప్పుడు కూడా చెయ్యి అదే రాసేసింది. దుమ్ము అతను పడ్డాక లేచింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఓవర్‌మాన్ కాలు చూశాను, ముత్తయ్య కాలు చూశాను, ఈల నా పెదాల మధ్యే ఉంది.

అది పెనాల్టీయే.