కారుకి ఏ ఎరుపు

మిర్చి యార్డు ఎదుట టీకొట్టులో మా బావమరిది ఫోను తీసి, ఇంకా విడుదల కాని ఒక స్పోర్ట్స్ కారు ఫొటో చూపించాడు. కారు మీద పూర్తిగా గుడ్డ కప్పి ఉంది.

"ఏ రంగులో వస్తుందో చెప్పు బావా," అన్నాడు.

"ఎరుపేరా, ఇంకేం వస్తుంది?" అన్నాను. మిరపకాయల కమీషన్ వ్యాపారం చేసేవాణ్ణి, నాకు వేరే రంగు తోచదు. వాడూ ఎరుపే అన్నాడు. గొడవంతా ఏ ఎరుపు అని. నేను తేజ కాయ రంగన్నాను. వాడు బ్యాడిగ కాయ ముదురు రంగన్నాడు. నాకు ఒళ్ళు మండి, యార్డులోని నా కొట్లోకి వెళ్ళి రెండు రకాలూ గుప్పెడేసి తెచ్చి బల్ల మీద ఫోను పక్కన పోశాను. సరుకు తెచ్చిన రైతులు కూడా టీ గ్లాసులతో చుట్టూ చేరి రెండు జట్లయ్యారు.

విడుదల రోజు అందరం అదే బల్ల దగ్గర వీడియో చూశాం. గుడ్డ తీశారు. కారు పాలిపోయిన పసుపు రంగులో ఉంది. ఎరుపెక్కకుండా వెలిసిపోయిన కాయల్ని తాలు అని వేరుగా ఏరి, తక్కువ రేటుకి అమ్ముతాం. అచ్చం ఆ రంగే. ముందు బావమరిది నవ్వాడు, తర్వాత కొట్టంతా నవ్వింది, చివరికి నేనూ ఆపుకోలేకపోయాను.

మర్నాడు ఒక రైతు తాలు బస్తా నా ముందు దించాడు. నేను నోరు తెరవకముందే అన్నాడు:

"తాలనకండి. ఇది స్పోర్ట్స్ కారు రంగండీ. కాస్త చూసి వేయండి రేటు."