ప్లాంటు నూనె

మళ్లీ ఇంకొకడి కింద పనిచెయ్యడం కంటే పస్తుండటం నయమనుకునే మనిషి ఎల్లారావు. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కూలీగా హైడ్రాలిక్ పైపుల కింద పాకుతూ జుట్టు నెరిపించుకున్నాడు. ఒక ఉదయం గేటు దగ్గర అతని పాస్ చెల్లదన్నారు. ఎందుకని అడిగితే చెప్పే నాథుడు లేడు. ఆ కసితోనే పాత వ్యాను కొన్నాడు. తమ ఊరు పద్మనాభం నుంచి కూరగాయల గంపలతో ఆడవాళ్లను ఎక్కించుకుని ఉక్కునగరంలో దింపుతాడు. యజమానీ అతనే, కూలీ అతనే.

ఆ బండి శనివారం ఆనందపురం దాటాక మొరాయించింది. గేరు పడదు. తొక్కిన క్లచ్ పెడల్ పైకి లేవదు. గంపలన్నీ అర్జునరావు బండిలోకి మారాయి. అర్జునరావు ఎల్లారావు ఊరివాడే, వరసకు బావ, మూడు బళ్ల ఆసామి. తిరిగొస్తూ చెడిన బండిని తాడు కట్టి ఇంటిదాకా లాక్కొచ్చిందీ అతనే. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ తాపీగా అసలు మాట బయటపెట్టాడు.

"ఈ డొక్కుని తూకానికి ఏసీయి బావ. సోమారం నుంచి నా బండి తోలు, జీతమిత్తాను. సొంత బండి అందరికీ అచ్చిరాదు."

తన ఇంట్లో టీ తాగుతున్న మనిషిని తిట్టకూడదని ఎల్లారావు రెంచీ వెతుక్కుంటూ లేచాడు. అతను వెళ్లగానే బండి కిందికి దూరి క్లచ్‌కి ఆయిల్ నెట్టే సిలిండర్లు రెండూ ఊడదీశాడు.

ఆదివారం పొద్దున్నే వాటిని పట్నంలోని పాత ఊళ్లో జాకీర్ స్పేర్‌పార్టుల కొట్టుకు పట్టుకెళ్లాడు. లోపలి రబ్బరు కప్పు నానబెట్టిన శనగగింజలా ఉబ్బిపోయి ఉంది. జాకీర్ దాన్ని నలిపి, వాసన చూసి, ఏం పోశావని అడిగాడు. ఎల్లారావు గర్వంగానే చెప్పాడు. క్లచ్ డబ్బాలో ఆయిల్ తగ్గితే, ప్లాంటులో యంత్రాలకు పోసే రకమే కొని పోశాడు. అంతంత ప్రెస్సులను కదిపే నూనె ఈ బుల్లి క్లచ్‌ను కదపలేదా?

"ప్లాంటోళ్లందరూ ఇదే చేస్తారు భాయ్," అన్నాడు జాకీర్. "దీనికి బ్రేక్ ఆయిలే పొయ్యాలి. ఆ నూనె ఈ రబ్బర్ని తినేస్తుంది. లోపల చుక్క మిగిలినా కొత్తవీ పోతాయి."

ఎవరైనా మెకానిక్‌కి చూపించమని కూడా చెప్పాడు. ఎల్లారావు వినలేదు. చెడగొట్టిన చెయ్యే బాగుచెయ్యాలి.

మధ్యాహ్నమంతా ఆయిల్ పారే ఇనప గొట్టాన్ని స్పిరిట్‌తో, తరవాత బ్రేక్ ఆయిల్‌తో కడిగాడు. రబ్బరు గొట్టం పారేసి కొత్తది వేశాడు. కప్పులు మార్చి అన్నీ బిగించాడు. ఇక లోపలి గాలి తియ్యాలి. దానికి ఇద్దరు కావాలి. భార్య గౌరీశ్వరి కొంగు దోపి డ్రైవర్ సీటెక్కింది. ఆడదాని చేత క్లచ్ తొక్కిస్తున్నాడని గోడ అవతల ఎవరో నవ్వారు. నవ్వనీ అందామె.

ఆమె పెడల్ నొక్కి పడితే, కింద అతను గాలి పోయే నిపిల్ వదులు చేస్తాడు. బుడగలతో ఆయిల్ వస్తుంది. అతను మళ్లీ బిగించేదాకా ఆమె కాలు తియ్యకూడదు. మొదటిసారే ముందుగా తీసేసింది, పోయిన గాలంతా తిరిగి లోపలికెళ్లింది. అతను కింద నుంచి అరిచాడు.

"నువ్వు బిగించీసినావో లేదో పైనున్న నాకేటి తెలుస్తాది?" అంది గౌరీశ్వరి. "ఒగ్గమంటే కాలు ఒగ్గుతాను. అరవకు, సెప్పు."

ఆ తరవాత బండి కింద నుంచి రెండే మాటలు వినిపించాయి. నొక్కు. ఒగ్గు. బుడగలు పలచబడి, ఆగిపోయాయి. పొద్దు వాలేవేళకు పెడల్ ఆమె పాదానికి గట్టిగా ఎదురుతిరిగింది.

"ఇప్పుడు తన్నుతంది," అందామె.

సోమవారం ఊరి జంక్షన్‌కి వెళ్లేసరికి ఆడవాళ్లంతా అర్జునరావు బండిలో కూర్చుని ఉన్నారు. దారిలో మళ్లీ ఆగిపోతే కూరలు వాడిపోతాయని వాళ్ల భయం. ఎవరూ అతనికేసి చూడలేదు. టమాటా గంపతో పాపాయమ్మ ఒక్కతే కింద నిలబడింది. శనివారం అర్జునరావు గంప మీద గంప పేర్చి ఆమె సరుకు చితక్కొట్టాడట. ఎల్లారావు గంపందుకుని ఆమెను ఎక్కించుకున్నాడు.

అర్జునరావు కిటికీ దగ్గరికొచ్చాడు. "ఒక్క ముసల్దాని కోసం అంత దూరం డీజిల్ తగలేత్తావేటి బావ?"

"తగలేత్తాను. నాదే గదా."

క్లచ్ తొక్కాడు. గేరు సాఫీగా పడింది. నెమ్మదిగా తోలమని పాపాయమ్మ తిడుతున్నా వినకుండా, అవసరం లేని హారన్ కొట్టుకుంటూ, అర్జునరావు బండికి ముందు నుంచే రోడ్డెక్కాడు.