సోఫా మేస్త్రి ఇంట్లో కేబుల్ కట్

ఆ వీధిలో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుపడితే సోఫా మేస్త్రి, అటు తిరిగితే ముందేచెప్పా. ప్రభుత్వం పడిపోయినా, సందులో నీళ్ల పైపు పగిలినా, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసినా, "నేను ముందే చెప్పా" అని ఓ ముద్ర గుద్దితే తప్ప అతనికి ఆ విషయం జరిగినట్టే కాదు. ఎప్పుడు చెప్పావయ్యా, ఎవరికి చెప్పావయ్యా అని ఎవరైనా నిలదీస్తే, "మీరు చెవిన పెట్టలేదు, అది నా తప్పా?" అని ఎదురు తిరిగేవాడు.

పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. పాత సోఫా గుడ్డ విప్పి, లోపల దొరికే పెన్ను మూతలూ పిన్నీసులూ ఓ పక్కన పోసి, వదులైన స్ప్రింగులు బిగించి, కొత్త స్పాంజి వేసి, రెక్సిన్ లాగి మేకులు కొట్టేవాడు. మేకులన్నీ పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టడం అలవాటు. వీధిలో అతని నోరు మూతపడి ఉండేది ఆ కాసేపే. షట్టరు దించి మేకులు డబ్బాలో వేశాడంటే ఇక అభిప్రాయాలు మొదలు.

వాటికి వేదిక వీధి చివరి బారు. పగలంతా స్పాంజి, సాయంత్రమైతే నురుగు అని తన మీద తనే వేసుకున్న జోకు ఒకటి ఉంది. దానికి ఎవరూ నవ్వకపోయినా రోజూ వేసేవాడు. ఫ్యాను కింద బల్ల దగ్గర అతనూ, డ్రైవింగ్ స్కూలు మాస్టారూ, ఆ నాలుగు వీధులకూ కేబుల్ ఇచ్చే కేబులతనూ కూర్చునేవాళ్లు. బీరు మీద మేస్త్రికి గట్టి అభిప్రాయాలున్నాయి. గ్లాసు వంచి పొయ్యాలి. మరీ చల్లగా ఇస్తున్నారంటే అందులో నీళ్లు కలిపారన్నమాట, నాలుక మొద్దుబారితే రుచి తెలియదుగా. ఆ నీళ్ల వెనక రాజకీయం ఉంది. రాజకీయానికి మందు ఒక్కటే, కర్ర పట్టుకున్న ఒక్క మనిషి కుర్చీలో కూర్చోవాలి. ఆ మనిషి ఎవరో మేస్త్రి బయటికి చెప్పలేదు గానీ, ఈ మాట అనేటప్పుడు మాత్రం కాస్త నిటారుగా కూర్చునేవాడు.

ఇన్ని సంగతులు ఎక్కడినుంచి వచ్చేవంటే, ఇంట్లో టీవీ నుంచి. రాత్రి భోజనం చేస్తూ వార్తల చర్చ చూసేవాడు. కోటు వేసుకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకుంటారే, అది. అందులో అందరికన్నా గట్టిగా అరిచినవాడి మాటలు మర్నాడు బారులో ఇతని సొంత మాటలైపోయేవి. ఈ సంగతి ఒక్క అక్కకే తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

అక్క అంటే కన్నతల్లి లాంటిది. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచడానికని పెళ్లి మానుకుని మిషను కుట్టింది. ఆ కుట్టిన డబ్బుతోనే వీడికి షాపు పెట్టించింది. వీడికి పెళ్లీ చేసింది. ఆ వచ్చిన పిల్ల చర్చలు వినలేక పుట్టింటికి వెళ్లి మళ్లీ రాలేదు. తర్వాత అక్క మెట్ల మీద పడి నడుం దెబ్బతింది, కాళ్లు చచ్చుబడ్డాయి. మేస్త్రి ఆమెకోసం తన చేత్తోనే ఓ కుర్చీ చేశాడు. ఒళ్లు ఒరుసుకుపోకుండా దళసరి స్పాంజి, తుడుచుకోవడానికి వీలుగా రెక్సిన్, నాలుగు కాళ్లకూ చక్రాలు. మంచి కుర్చీ, కాదనను. కాకపోతే ఆమె ఆ కుర్చీని తోసుకోలేదు, చక్రాలు చిన్నవి. ఎవరో ఒకరు తోయాలి. పొద్దున ఎక్కడ పెట్టి వెళితే సాయంత్రం అక్కడే ఉండేది. అందుకే ఆమెకు టీవీ అంటే కాలక్షేపం కాదు, ఇంట్లో ఉన్న రెండో మనిషి.

అందులోనూ సాయంత్రం వచ్చే సీరియల్ ఒకటుంది. ఒక కోడలు చెయ్యని నేరానికి జైలుకెళుతుంది, చంటిపిల్ల చేజారిపోతుంది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల పెద్దదై, ఎవరింట్లోనో పెరుగుతూ ఎదురుపడ్డా అమ్మని గుర్తుపట్టదు. ఏళ్ల తరబడి సాగింది ఆ కథ. "ఆ పిల్ల చేత అమ్మా అనిపించుకోవాలిరా అది. ఆ ఒక్క మాట విని పోతే చాలు నాకు" అనేది అక్క. మేస్త్రి నవ్వేవాడు. అతను బారునుంచి వచ్చేసరికి సీరియల్ అయిపోయేది, రిమోట్ అతని చేతికొచ్చేది.

ఒక సాయంత్రం కేబులతను గ్లాసు కింద పెట్టి, వచ్చే నెల నుంచి రేటు పెరుగుతోందని చెప్పాడు. పైవాళ్లు పెంచారు, నా చేతుల్లో ఏం లేదన్నాడు.

"నేను ముందే చెప్పా," అన్నాడు మేస్త్రి. ఇక ఆగలేదు. చూడని చానళ్లకు డబ్బులెందుకు కట్టాలి అన్నాడు. ప్రజల బలహీనతే వీళ్ల పెట్టుబడి అన్నాడు. వీధి వీధంతా ఒక్కమాట మీద నిలబడి కనెక్షన్లు పీకించుకుంటే నెల తిరక్కుండా కాళ్ల బేరానికి వస్తారన్నాడు. చుట్టుపక్కల బల్లలవాళ్లు చప్పట్లు కొట్టారు. డ్రైవింగ్ మాస్టారు లేచి నిలబడి, "మేస్త్రి ఎంతంటే అంత" అన్నాడు. ఆ ఊపులో మేస్త్రి వారం రోజులు గుమ్మం గుమ్మం ఎక్కి దిగాడు. అందరూ తలలూపారు. ఊపడానికేం పోయింది.

కేబులతను మాత్రం నవ్వుతూ అడిగాడు. "సరే అన్నా. మీ ఇంటితోనే మొదలుపెట్టనా?"

"పెట్టు. భయపడతాననుకున్నావా?"

మర్నాడు పొద్దున్నే కేబులతను నిచ్చెన వేసి వైరు కత్తిరించాడు. వీధిలో ఇంకే ఇంటికీ ఆ నిచ్చెన వెళ్లలేదు. తలలూపినవాళ్లంతా ఆ సాయంత్రం తలుపులేసుకుని టీవీలు చూసుకున్నారు. మాస్టారైతే ఇంకో రెండు చానళ్లు ఎక్కువ పెట్టించుకున్నాడు.

అక్క మొదటిరోజు టీవీ పాడైందనుకుంది. సంగతి రెండోరోజు తెలిసింది.

"ఒక్క నెల ఓపిక పట్టక్కా. వాడే కాళ్ల బేరానికి వస్తాడు," అన్నాడు మేస్త్రి.

"వాడి కాళ్లు బానే ఉన్నాయిరా. లేనివి నాకే," అంది అక్క.

"ఇది సిద్ధాంతం. నీకు అర్థం కాదు."

"కాదులే. నెలకి నా మాత్రల్లో ఒకటి మానేస్తాను, ఆ పెరిగిన డబ్బులు అందులో సర్దుకో. వాణ్ణి పిలువు."

డబ్బు కాదక్కా, మాట ముఖ్యం అన్నాడతను. మాట నిలబెట్టుకోవడం అతనికి కొత్త, ఆ రుచి ఇప్పుడే తగిలింది.

నాలుగు రోజులయ్యాక అక్క ఓ మార్గం కనిపెట్టింది. ఈ గదికీ పక్కింటి ముందుగదికీ మధ్య ఒక్క ఇటుక గోడే. "నా కుర్చీ ఆ గోడవారకు తోసి వెళ్లరా" అని అడిగింది. పక్కింటావిడ కూడా ఆ సీరియలే చూస్తుంది. గోడకు చెవి ఆనిస్తే మాటలు తెలుస్తాయి. మేస్త్రి విసుక్కుంటూనే తోశాడు. సాయంత్రం వచ్చేసరికి అక్క ముఖం కళకళలాడుతోంది. కోర్టులో కేసు తేలిపోయిందిరా, ఇక పిల్లకు నిజం చెప్పడమే మిగిలింది అంది. అతనికి అన్నం కూడా తనే దగ్గరుండి వడ్డించినంత హుషారుగా మాట్లాడింది. కొన్నాళ్లు అలాగే గడిచింది.

ఈలోగా మేస్త్రికే వచ్చింది చిక్కు. చర్చలు చూడక బుర్రలో సరుకు నిండుకుంది. బారులో పాత అభిప్రాయాలే తిప్పి తిప్పి చెబుతున్నాడు. కేబులతను, మాస్టారు ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు మాస్టారు చాలా మామూలుగా అన్నాడు.

"విన్నావా మేస్త్రీ, కొలతల మంత్రి రాజీనామా చేశాడు."

మేస్త్రి మూతి మీద నురుగు తుడుచుకున్నాడు. "నేను ముందే చెప్పా."

"చెప్పావా?"

"ఎన్నిసార్లని. ఆ మనిషి ముఖం చూస్తేనే తెలిసేది. ఆ నవ్వులోనే ఉంది దొంగతనం."

"మీసం ఉండేది కదన్నా అతనికి?" అని అందించాడు కేబులతను.

"ఉండేది. గెలిచాక తీసేశాడు. అప్పుడే అనుకున్నా."

వాళ్లు అడుగుతూ పోయారు, ఇతను చెబుతూ పోయాడు. ఆ మంత్రి అల్లుడికి బీరు కంపెనీ ఉందన్నాడు. సీసాలో కొలత తగ్గింది అందుకేనన్నాడు. బారంతా నిశ్శబ్దంగా వింటోంది, సీసాలు తెచ్చే మనిషి కూడా ట్రే పట్టుకుని నిలబడిపోయాడు. తన మాటకు ఇంత విలువ వచ్చిందని మేస్త్రి గొంతు ఇంకాస్త పెంచాడు. అతను ఆగాక కేబులతను భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా చెప్పాడు. "అలాంటి మంత్రే లేడన్నా. అసలు ఆ శాఖే లేదు. నిన్న నేనూ మాస్టారూ కూర్చుని పుట్టించాం."

ఆ నవ్వు వీధిలోకి వినిపించింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. గ్లాసులో బీరు అలాగే వదిలేసి వచ్చేశాడు.

ఇంటికొచ్చాక ఆ మంట ఎవరి మీద చూపించాలో అతనికి తెలుసు. అక్క గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకుని వింటోంది. సరిగ్గా అప్పుడే పక్కింట్లో ఎవరో ఏదో జోకుకు నవ్వారు.

"గోడకి చెవులు పెట్టి బతకాలా మనం? వీధంతా నన్ను చూసి నవ్వుతున్నది ఇందుకే," అని కుర్చీ వెనక్కి లాగాడు.

"ఒరేయ్, రేపో ఎల్లుండో అయిపోతుందిట, అప్పటిదాకా ఉండనీరా. నీకు దణ్ణం పెడతా," అంది అక్క. నిజంగానే రెండు చేతులూ ఎత్తింది.

అతను కుర్చీని గదికి అటు చివర, కిటికీ దగ్గరికి తోసేశాడు. "బయటి గాలి పీల్చుకో, ఆరోగ్యం" అన్నాడు. చక్రాల కింద చెక్కముక్కలు పెట్టాడు. మర్నాడూ, ఆ మర్నాడూ అక్కడే ఉంచి పనికి వెళ్లాడు. అక్క మళ్లీ అడగలేదు. కిటికీలోంచి చూడటానికి వెనకింటి గోడ తప్ప ఏమీ లేదు. పక్కింటి టీవీ ఎంత మోగినా అక్కడికి హోరే తప్ప మాట తెలియదు.

వారం తిరిగేసరికి మేస్త్రి సిద్ధాంతం నీరుగారిపోయింది. బారుకు వెళ్లాలంటే సరుకు కావాలి, సరుకు కావాలంటే టీవీ కావాలి. కేబులతన్ని షాపు దగ్గర పట్టుకుని, "అక్క కోసమయ్యా. కాళ్లు లేని మనిషి, ఆమె బాధ చూడలేకపోతున్నా" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు కళ్లు కూడా ఒత్తుకున్నాడు. ఇంత సిగ్గులేని అబద్ధం అతను మంత్రి గురించి కూడా చెప్పలేదు.

"ఇస్తానన్నా, దానికేం. కానీ పదిమందిలో తిట్టావు, పదిమందిలోనే చెప్పాలి," అన్నాడు కేబులతను.

ఆ సాయంత్రం మేస్త్రి బల్ల దగ్గర లేచి నిలబడి, కేబుల్ రేటు న్యాయమైనదేనని చెప్పాడు. వినబడలేదన్నారు. మళ్లీ చెప్పాడు. మాస్టారు చప్పట్లు కొట్టి, "ముందే చెప్పాల్సింది" అన్నాడు. మళ్లీ నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నం నిచ్చెన వచ్చింది, వైరు కలిసింది. మేస్త్రి ఆ రోజు షట్టరు తొందరగా దించేసి ఇంటికొచ్చి, చెక్కముక్కలు తీసి, అక్క కుర్చీని టీవీ ముందుకు తోసి, రిమోట్ ఆమె చేతిలో పెట్టాడు. "చూసుకో. నీకోసమే వాడి కాళ్లు పట్టుకున్నా" అన్నాడు. ఆమె సీరియల్ వేళకు ఆ చానల్ పెట్టింది. ఎవరో కొత్త పిల్ల, కొత్త ఇల్లు, కొత్త పాట. వేరే సీరియల్ మొదలైపోయింది.

అప్పుడే పక్కింటావిడ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"టీవీ వచ్చిందా పిన్నీ, హమ్మయ్య. ఇన్నాళ్లూ మీరు గోడ దగ్గర వింటున్నారని నాకు తెలుసు. మీ కుర్చీ తోసిన చప్పుడు వినిపించేది. అందుకే సీరియల్ ఆఖరి రోజు మా టీవీని ఈ గోడకే ఆనించి పెట్టాను. సౌండు మొత్తం పెంచేశాను. మా ఆయన చెవులు పోతున్నాయని గోల చేశాడు. అటు మా పిన్ని ఉంది, మీరు ఊరుకోండి అన్నాను. వినపడిందా పిన్నీ?"

మేస్త్రి వంటగది గుమ్మంలో నీళ్ల చెంబుతో నిలబడిపోయాడు. అక్క అతనివైపు చూడలేదు.

"వినపడిందమ్మా. బాగా వినపడింది," అంది.

"ఆ పిల్ల అన్న ఆఖరి మాట విన్నారుగా. నేనైతే ఏడ్చేశాను."

"నేనూ ఏడ్చానమ్మా."

ఆవిడ సంతోషంగా వెళ్లిపోయింది. మేస్త్రి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "ఆవిణ్ణి వెనక్కి పిలిచి అడగనా అక్కా, ఏమందో?" అన్నాడు.

"విన్నానని చెప్పానుగా, ఇంకేం అడుగుతావు," అంది అక్క. రిమోట్ అతని చేతికి అందించింది. "నీ వార్తలు పెట్టుకో. నన్ను కిటికీ దగ్గరికి తొయ్యి."